పట్టికలో కూడికను ఎవరికి అప్పగించాలి? అచ్చు పత్రాలకు లెక్కల సాధనాల ఎంపిక

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పర్లాకిమిడిలో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు పత్రాలు కూర్చి ఇచ్చే చిన్న డీటీపీ కేంద్రం నాది. ఏప్రిల్ మొదలుకొని జూన్ దాకా మా దగ్గరికి వచ్చే పనిలో ఎక్కువ భాగం పద్దుల పట్టికలే. గుడి కమిటీల జమాఖర్చులు, సంఘాల వార్షిక నివేదికలు, కొమ్ముతో దువ్వెనలూ కొంగబొమ్మలూ చేసేవారి ధరల జాబితాలు, అద్దె సామాను బిల్లులు అన్నీ ఆ మూడు నెలల్లోనే వచ్చి పడతాయి. వీటిలో ఉండే గణితం ఐదో తరగతి పిల్లలు కూడా చేయగలిగినదే: కూడటం, తీసివేయడం, సంఖ్యను ధరతో హెచ్చించడం, శాతం కట్టడం. అయినా అచ్చయిన పత్రాల్లో పరువు పోయే తప్పులు పడేది ఇక్కడే. లెక్క కష్టమై తప్పు పడదు. లెక్క ఒకచోట చేసి, అంకె ఇంకొకచోట టైపు చేయడం వల్ల పడుతుంది.

కొన్నేళ్ల కిందట ఒక ఉత్సవ సంఘం నివేదిక మూడో ప్రూఫులో ఉండగా, షామియానా అద్దె 8,500 కాదు, 5,800 అని ఫోనులో చెప్పారు. ఆ గడిలో అంకె దిద్ది, కింది మొత్తాన్ని కాలిక్యులేటరు మీద కట్టి మార్చాను. అదే మొత్తం రెండో పేజీలో కార్యదర్శిగారి నివేదిక వాక్యంలోనూ, ఒడియా ప్రతిలోని పట్టికలోనూ ఉందన్న సంగతి ప్రతులు పంచిపెట్టిన తరువాత గాని నాకు తట్టలేదు. సభలో వెనక వరుసలో కూర్చున్న ఒక పాతకాలపు గుమాస్తాగారు రెండు మొత్తాలకూ తేడా 2,700 అని చూసి, "తొమ్మిదితో తెగుతోంది నాయనా, ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి" అన్నారు. రెండు అంకెలు ఒకదాని చోటుకొకటి మారితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఆయన తప్పును పట్టుకోవడమే కాకుండా, దాని జాతిని కూడా చెప్పేశారు.

ఆ తరువాత పట్టికలో లెక్కను పత్రమే కట్టుకునే పద్ధతులను ఒక్కొక్కటిగా నిజమైన పనుల మీద వాడి చూశాను. ఈ పోలికలో నా ప్రమాణం సాధనం ఎంత శక్తిమంతమైనదన్నది కాదు. ఆఖరి నిమిషంలో అంకెను దిద్దేది ఎవరు, ఆ అంకె మొదట ఎక్కడ పుడుతోంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఎంపిక చాలావరకు తేలిపోతుంది. పైసల దగ్గర సాధనం ఎలా ప్రవర్తిస్తుందన్న మూడో ప్రశ్న, పన్ను బిల్లులు చేసేవారికి మాత్రం మొదటి రెండింటితో సమానమైనది.

పేజ్‌మేకర్‌లో పని చేసేవారికి ఈ చర్చ అంతగా అక్కరకు రాదు. అందులో పట్టిక ఉంటుంది గాని లెక్క ఉండదు. లెక్క ఎక్సెల్‌లో కట్టి తెచ్చి అతికించడమే అక్కడి మార్గం. అతికించిన తరువాత ఒక్క అంకె కూడా చేత్తో దిద్దకుండా, మార్పు వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొత్తం పట్టికను అతికించే క్రమశిక్షణ ఉంటే ఆ మార్గం కూడా పనికిరానిదేమీ కాదు.

వర్డ్, లిబ్రెఆఫీస్ రైటర్

వర్డ్ పట్టికలోనే సూత్రం పెట్టవచ్చన్న సంగతి రోజూ వర్డ్ వాడేవారిలోనే చాలామందికి తెలియదు. మొత్తం రావలసిన గడిలో కర్సరు ఉంచి, పట్టికకు సంబంధించిన లేఅవుట్ ట్యాబులో ఫార్ములా అన్న బొత్తాం నొక్కితే, పైనున్న గడులన్నింటినీ కూడమనే సూత్రం తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. సంఖ్యను ధరతో హెచ్చించాలంటే రెండో అడ్డువరుసలో బి2*సి2 అని రాస్తే చాలు. ఐదారు వరుసల ఉత్తరానికి, కొటేషనుకు ఇంతకు మించిన సాధనం అక్కరలేదు.

చిక్కులు మూడున్నాయి. మొదటిది, అంకె మార్చినంత మాత్రాన మొత్తం మారదు. పత్రమంతా ఎంపిక చేసి ఎఫ్9 మీట నొక్కినప్పుడే మారుతుంది. నొక్కడం మరచిపోతే పాత మొత్తమే, కొత్తదానంత ధీమాగా, అచ్చుకు వెళుతుంది. చేత్తో టైపు చేసిన మొత్తాన్ని మనం అనుమానిస్తాం, సూత్రం పెట్టిన మొత్తాన్ని అనుమానించం, కనుక ఇది అసలు సూత్రం లేకపోవడం కంటే ప్రమాదకరం. రెండోది, పై గడుల కూడికలో నడుమ ఒక ఖాళీ గడి వస్తే లెక్క అక్కడ తప్పిపోతుంది. ఖాళీగా వదలవలసిన చోట సున్న పెట్టాలి. మూడోది విచిత్రమైనది. నిలువువరుస శీర్షికలో 2025 అని సంవత్సరం మాత్రమే ఉంటే, వర్డ్ దాన్ని కూడా రూపాయలనుకుని మొత్తంలో కలిపేస్తుంది. మొదటిసారి నా పట్టికలో మొత్తం సరిగ్గా రెండువేల ఇరవై అయిదు ఎక్కువ వచ్చినప్పుడు కారణం పట్టడానికి అరపూట పట్టింది. శీర్షికకు సంఖ్య తప్పనిసరైతే పై గడులన్నీ అనకుండా డి2 నుంచి డి9 వరకు అని హద్దులు రాయడం మేలు. అయితే వర్డ్‌లో నడుమ ఒక వరుస చేరిస్తే ఆ హద్దులు వాటంతట అవి జరగవు.

లిబ్రెఆఫీస్ రైటర్ ఈ పనిలో వర్డ్ కంటే మెరుగు అని నా అభిప్రాయం. గడిలో ఉండగా ఎఫ్2 నొక్కితే సూత్రాల పట్టీ తెరుచుకుంటుంది. సాధారణ అమరికలో పక్క గడి మారగానే మొత్తం కూడా మారుతుంది. భారతీయ ప్రాంతీయ అమరిక పెట్టుకుంటే 1,25,000 అన్నట్టు లక్షల కామాలు సరిగా వస్తాయి. ఉచితంగా దొరుకుతుంది కనుక సంఘం కార్యదర్శిగారి ఇంటి కంప్యూటరులో కూడా పెట్టి రావచ్చు.

ఎక్సెల్ షీటును వర్డ్‌లో లంకెగా అతికించే పద్ధతిని ఎవరైనా సలహా ఇస్తే నేను ఒప్పుకోను. రెండు ఫైళ్లూ ఒకే యంత్రంలో, ఒకే అరలో కదలకుండా ఉన్నంతకాలం అది బాగానే పనిచేస్తుంది. పెన్‌డ్రైవులో ఒక్క వర్డ్ ఫైలే పట్టుకుని వచ్చే ఖాతాదారులున్న మా ఊళ్లో అది వారం రోజులు కూడా నిలవదు.

లేటెక్ వైపు: స్ప్రెడ్‌టాబ్

ఏటా ఒకే రూపంలో వచ్చే నివేదికలకు, పేజీలు ఎక్కువగా ఉండి అచ్చు నాణ్యత ముఖ్యమైన పుస్తకాలకు నేను లేటెక్ వాడతాను. మామూలు ఫైలులో రాతనూ ఆదేశాలనూ రాసి ఇస్తే, దాన్ని పీడీఎఫ్‌గా కూర్చిపెట్టే ఉచిత వ్యవస్థ అది; అలా కూర్పించడాన్నే కంపైల్ చేయడం అంటారు. దాన్ని నడిపే ఇంజన్లలో పీడీఎఫ్‌లేటెక్ తెలుగుకు పనికిరాదు. జీలేటెక్ గాని లువాలేటెక్ గాని కావాలి. లేటెక్‌ను పంపిణీ చేసే టెక్ లైవ్ 2020 కూర్పు నుంచి లువాలేటెక్‌లో, అక్షరాలనూ ఒత్తులనూ సరిగా పేర్చే హార్ఫ్‌బజ్ కలిసి వస్తోంది, కాని ఫాంటును పిలిచేటప్పుడు రెండరర్‌గా హార్ఫ్‌బజ్‌ను పేర్కొనకపోతే ఒత్తులు చెల్లాచెదురవుతాయి. జీలేటెక్‌లో ఆ బాధ లేదు.

క్రిస్టియన్ టెల్లెషియా రాసిన స్ప్రెడ్‌టాబ్ అనే ప్యాకేజీ, అంటే లేటెక్‌కు అదనంగా జోడించుకునే సరంజామా, మామూలు లేటెక్ పట్టికను చిన్న ఎక్సెల్ షీటుగా మారుస్తుంది. గడులకు ఎక్సెల్‌లో లాగే ఏ1, బి2 అన్న పేర్లుంటాయి. మాటలుండే గడికి ముందు అట్ గుర్తు (@) పెట్టాలి, సూత్రాన్ని అలాగే రాయాలి. ఉదాహరణకు ఒక కొమ్ము పనివారి బిల్లు తీసుకుందాం. మొదటి అడ్డువరుసలో శీర్షికలుంటాయి. రెండో వరుసలో దువ్వెనలు 48, ఒక్కొక్కటి 35 రూపాయలు. మూడో వరుసలో కొంగబొమ్మలు 12, ఒక్కొక్కటి 260. నాలుగో వరుసలో నెమళ్లు 5, ఒక్కొక్కటి 410.50. నాలుగో నిలువువరుసలో రెండో గడికి బి2*సి2 అని రాస్తే 1,680 వస్తుంది. ఆ కిందివి 3,120, 2,052.50. అయిదో వరుసలో సమ్ అని రాసి బ్రాకెట్లో డి2:డి4 అని ఇస్తే 6,852.50 వస్తుంది. ధర మార్చి మళ్లీ కంపైల్ చేస్తే అన్నీ మారతాయి. ఎఫ్9 వంటి మరో మీట గుర్తుపెట్టుకోనక్కరలేదు, ఎందుకంటే కంపైల్ చేయకుండా పీడీఎఫ్ రానే రాదు. వర్డ్‌తో పోలిస్తే నాకు అన్నింటికంటే నచ్చినది ఇదే.

గడుల పేర్లు కేవలం రాతలోనివి కనుక, నడుమ ఒక వరుస చేర్చగానే బి2, సి2 అన్నవి పాత చోటునే చూపిస్తూ ఉంటాయి. ఇక్కడ వర్డ్‌కున్న జబ్బే దీనికీ ఉంది, కాని దీనికి మందు ఉంది. గడి పేరుకు బదులు, నాకు ఎడమ వైపు రెండో గడి, ఎడమ వైపు మొదటి గడి అన్న అర్థంలో చదరపు బ్రాకెట్లలో దూరాలు రాయవచ్చు: బి2*సి2 బదులు [-2,0]*[-1,0]. మొత్తంలో కూడా డి2 నుంచి [0,-1], అంటే సరిగ్గా నా పై గడి వరకు, అని రాస్తే నడుమ ఎన్ని వరుసలు చేర్చినా తీసేసినా కూడిక తప్పదు. అందుకే కొత్తగా నేర్చుకునేవారు ఏ1 పద్ధతిని వదిలి మొదటి రోజు నుంచీ ఈ దూరాల పద్ధతికే అలవాటు పడాలని చెబుతాను. చూడటానికి కాస్త వికారంగా ఉంటుంది, అంతే.

ఒక గడి విలువను పేరు పెట్టి దాచుకుని వాక్యంలో వాడుకోవచ్చు. "ఈ ఏడాది మొత్తం ఖర్చు ఇంత" అన్న వాక్యంలోని అంకె పట్టిక నుంచే వస్తుంది కనుక, షామియానా కథలో రెండో పేజీ తప్పు ఈ పద్ధతిలో జరగదు. కాని ఆ వాక్యం పట్టిక తరువాత వచ్చేలా చూసుకోవాలి, లేదా పట్టికను ముందే ఒక పెట్టెలో కట్టి పెట్టుకోవాలి.

లక్షల కామాల సంగతి విడిగా చెప్పాలి. స్ప్రెడ్‌టాబ్ గడిలో రాసే అంకెలో కామా ఉండకూడదు. 125000 అనే రాయాలి. ఫలితానికి కామాలు పెట్టడానికి, సూత్రాన్ని సైయూనిటెక్స్ ప్యాకేజీలోని సంఖ్య ఆదేశంలో పొదగాలి. ఆ ప్యాకేజీ మూడో వెర్షన్‌లో మొదటి గుంపుకు ఎన్ని అంకెలు, తక్కిన గుంపులకు ఎన్ని అని విడివిడిగా చెప్పవచ్చు. మూడు, రెండు అని ఇచ్చి, గుంపుల మధ్య గుర్తుగా కామాను కోరితే 12,34,567 అని మన పద్ధతిలో వస్తుంది. దాని సహజమైన అమరికలో అయిదంకెలకు తక్కువ సంఖ్యలకు కామా పడదు కనుక 1680 బోసిగా, 12,340 కామాతో, ఒకే నిలువువరుసలో రెండు రకాలుగా కనిపిస్తాయి. కనీస అంకెల పరిమితిని నాలుగుకు దించితే ఆ తేడా పోతుంది.

స్ప్రెడ్‌టాబ్ నెమ్మదైనది. ముప్పై వరుసల పట్టికకు ఆ నెమ్మది తెలియదు గాని, వందల వరుసల చందాల జాబితాను దానికి అప్పగిస్తే ప్రతి కంపైలుకూ టీ తాగి రావలసి వస్తుంది.

పైసలు ఎక్కడ జారిపోతాయి

లోపల లెక్క ఎలా జరుగుతుందో తెలియకపోతే సాధనాల పోలిక సగమే అవుతుంది. లేటెక్‌కు అడుగునున్న టెక్ ఇంజను స్వతహాగా పూర్ణాంకాలనే ఎరుగును; దాని పెద్ద పూర్ణాంకం 2,14,74,83,647. పైసల్లో లెక్క కట్టుకుంటే అది రూ. 2,14,74,836.47 మాత్రమే, అంటే రెండు కోట్ల పద్నాలుగు లక్షలు దాటిన పద్దుకు అది చాలదు. స్ప్రెడ్‌టాబ్ దీని మీద ఆధారపడదు. దాని వెనకనున్న ఎఫ్‌పీ ప్యాకేజీ దశాంశ బిందువుకు ముందు 18 అంకెలు, తరువాత 18 అంకెలు ఉంచుకుని పదుల పద్ధతిలోనే లెక్క కడుతుంది. గుడి కమిటీ లెక్కే కాదు, జిల్లా ఖజానా లెక్క అయినా అందులో ఇముడుతుంది.

2022 జూన్ నుంచి లేటెక్ మూలంలోనే కలిసి వస్తున్న ఎఫ్‌పీఎవాల్ ఆదేశం కూడా పదుల పద్ధతిదే, 16 సార్థక అంకెల వరకు నిలుస్తుంది. అయితే సరిగ్గా సగం దగ్గర అది సరిసంఖ్య వైపు మొగ్గుతుంది: 111.105ను రెండు దశాంశాలకు కుదిస్తే 111.11 రాదు, 111.10 వస్తుంది. ఎక్సెల్‌లో అదే పని 111.11 ఇస్తుంది. ఆడిటరుగారి ఎక్సెల్‌కూ మీ పీడీఎఫ్‌కూ పైసా తేడా వచ్చినప్పుడు మొదట అనుమానించవలసినది ఈ సంగతినే.

పీజీఎఫ్‌ప్లాట్స్‌టేబుల్ అనే ప్యాకేజీ సీఎస్‌వీ ఫైలును (గడులను కామాలతో విడదీసి రాసిన మామూలు ఫైలు) నేరుగా చదివి, కొత్త నిలువువరుసలు లెక్కగట్టి, అందమైన పట్టిక వేస్తుంది. ప్రయోగశాల కొలతలకు, గ్రాఫులకు అది ఎంతో మంచిది. పద్దులకు మాత్రం వాడకండి. దాని లెక్కల యంత్రానికి సార్థక అంకెలు తక్కువ. లక్షల్లోకి వెళ్లిన మొత్తంలో పైసలు నిలవవు. సాధనం చెడ్డదని కాదు, అది చేసే పని వేరు.

సరిహద్దు ఊళ్లో ఉన్నందువల్ల నాకు ఈ పైసల తేడా నెలనెలా కనిపిస్తుంది. పర్లాకిమిడిలోని కొనుగోలుదారుకు బిల్లు రాస్తే జీఎస్టీలోని కేంద్ర పన్ను, రాష్ట్ర పన్ను రెండు వరుసల్లో వేయాలి. మహేంద్రతనయ నదికి అవతల పాతపట్నంలోని కొనుగోలుదారుకు అదే సరుకు అదే ధరకు అమ్మితే, అది ఆంధ్రప్రదేశ్ కనుక, ఒకే వరుసలో సమగ్ర పన్ను వేయాలి. పన్ను 18 శాతం అనుకుందాం, సరుకు విలువ 1,234.50. పాతపట్నం బిల్లులో పన్ను 222.21. పర్లాకిమిడి బిల్లులో తొమ్మిది శాతం చొప్పున రెండుసార్లు, ఒక్కొక్కటి 111.105, సగాన్ని పైకి సర్దితే 111.11, రెండూ కలిపి 222.22. ఒక బిల్లు 1,456.71, ఇంకొకటి 1,456.72. రెండూ సరైనవే. కాని గడిలో కనిపించే 111.11 ఒకటి, లోపల దాచుకున్న 111.105 ఇంకొకటి అయితే, పర్లాకిమిడి బిల్లులో 111.11, 111.11 కనిపిస్తూ మొత్తం మాత్రం 222.21కి తగ్గట్టుగా వస్తుంది. కాగితం మీద కూడి చూసేవారికి అది తప్పు లెక్క. కాబట్టి కుదింపును ప్రదర్శనకు వదిలిపెట్టకుండా పన్ను గడి సూత్రంలోనే చేయాలి. వర్డ్, రైటర్, స్ప్రెడ్‌టాబ్ దేనికైనా ఈ నియమం ఒక్కటే. కొనుగోలుదారు జీఎస్టీ రిజిస్ట్రేషను సంఖ్యలో మొదటి రెండు అంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్రప్రదేశ్ కనుక, ఏ పన్ను వేయాలో కూడా పట్టికకే నేర్పవచ్చు. కాని ఆ పని స్ప్రెడ్‌టాబ్‌లో చేయబోతే సూత్రాలు చదవరానివవుతాయి. అక్కడి నుంచి లువా మొదలవుతుంది.

లువా, పైథాన్

లువాలేటెక్‌లో పత్రం మధ్యలోనే లువా భాషలో చిన్న ప్రోగ్రాము రాయవచ్చు. సీఎస్‌వీ ఫైలును తెరిచి, వరుసలు చదివి, లెక్క కట్టి, పట్టికను తానే పేర్చి ఇస్తుంది. వందల వరుసలైనా కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. కాని లువాలో దశాంశ సంఖ్యలు ద్విసంఖ్యా పద్ధతిలో ఉంటాయి, అందువల్ల 1.005ను రెండు దశాంశాలకు అచ్చు వేయమంటే 1.01 కాదు, 1.00 వస్తుంది. దీనికి విరుగుడు రూపాయలను మరచిపోయి అంతా పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచుకోవడం. ఇప్పటి లువాటెక్‌లోని లువా 5.3కు 64 బిట్ల పూర్ణాంకాలున్నాయి కనుక పరిమితి గురించి ఆలోచించనక్కరలేదు. పై బిల్లునే తీసుకుంటే విలువ 1,23,450 పైసలు. తొమ్మిదితో హెచ్చిస్తే 11,11,050. దానికి 50 కలిపి 100తో పూర్ణాంక భాగహారం చేస్తే 11,111 పైసలు, అంటే 111.11. పద్దెనిమిదితో చేస్తే 22,221. కుదింపు ఎక్కడ జరిగిందో, ఎటు మొగ్గిందో కంటికి కనిపిస్తూ ఉంటుంది. ఆడిటరుకు వివరించడం కూడా తేలిక.

కామాలు పెట్టే ఫంక్షను కూడా పది వరుసలకు మించదు: చివరి మూడంకెలను విడదీసి, మిగిలినదాన్ని వెనక నుంచి రెండేసి అంకెలుగా కోసుకుంటూ పోవడమే. ఒడియా ప్రతికి అదే ఫలితంలో పది అంకెలకు పది ఒడియా అంకెలను మార్చి వేస్తాను. తెలుగు ప్రతి, ఒడియా ప్రతి రెండూ ఒకే సీఎస్‌వీని చదువుతాయి. శీర్షికలు మాత్రమే వేరు. రెండు భాషల్లో పత్రం అచ్చు వేసేవారికి ఇంతకంటే మంచి కారణం నేను చూపలేను.

ఇబ్బంది ఎక్కడంటే, ఖాతాదారు దాన్ని దిద్దలేరు. స్ప్రెడ్‌టాబ్ పట్టికను కాస్త చదువుకున్న కార్యదర్శిగారు చూసి ఏ అంకె ఎక్కడుందో పోల్చుకోగలరు. లువా ప్రోగ్రామును చూస్తే ఫైలు మూసేస్తారు. కనుక సీఎస్‌వీని వారి చేతిలోనూ, ప్రోగ్రామును మన చేతిలోనూ ఉంచే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

అంకెలు బయటి నుంచి చిందరవందరగా వస్తే లువా కంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మేలు. నాకు రాయగడ నుంచి నెలనెలా వచ్చే ఒక కూలీల హాజరు షీటులో కొన్ని వరుసలు ఒడియా అంకెల్లో, కొన్ని మామూలు అంకెల్లో ఉంటాయి, రాసేవారు మారడమే కారణం. లువాకు ఒడియా అంకెలో, తెలుగు అంకెలో ఇచ్చి సంఖ్యగా మార్చమంటే అది సంఖ్య కాదంటుంది. పైథాన్‌కు ౪౮ అని ఇచ్చినా 48 అని నేరుగా గ్రహిస్తుంది, ఒడియా అంకెలనూ అలాగే. దానిలోని డెసిమల్ మాడ్యూలు పదుల పద్ధతిలోనే లెక్క కడుతుంది. అయితే అది కూడా మామూలుగా సగాన్ని సరిసంఖ్య వైపు మొగ్గుతుంది కనుక, సగాన్ని పైకి సర్దమని విడిగా చెప్పాలి. పైథాన్ శుభ్రమైన సీఎస్‌వీని తయారు చేస్తే అక్కడి నుంచి పని లేటెక్‌ది. రెండు మెట్లు ఎక్కవలసి వస్తుంది, నిజమే. పదో పరకో వరుసలున్న కొటేషనుకు ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

మిగిలినవి

ఈమాక్స్ అనే ఎడిటరులో పని చేసేవారికి ఆర్గ్ మోడ్ పట్టికలు సహజంగా కుదురుతాయి. పట్టిక కింద ఒక వరుసలో సూత్రం రాసి, కంట్రోల్ సీ రెండుసార్లు నొక్కితే లెక్క పూర్తవుతుంది, అక్కడి నుంచి లేటెక్‌కు పంపవచ్చు. తెలుగు అక్షరాలు వెడల్పులో సమానంగా ఉండవు కనుక తెర మీద నిలువు గీతలు వంకరపోతాయి. అచ్చులో మాత్రం ఆ వంకర ఉండదు. మరచిపోతే పాత మొత్తమే మిగిలే ప్రమాదం వర్డ్‌లో లాగే దీనికీ ఉంది. డేటాటూల్ ప్యాకేజీ సీఎస్‌వీ చదివి మొత్తాలు ఇస్తుంది గాని, లువా ఉన్నచోట నాకు దాని అవసరం పడలేదు.

టిప్స్ట్ గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పాలి. 2023లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఈ కూర్పు వ్యవస్థలో ప్రోగ్రామింగ్ మొదటి నుంచీ భాషలో భాగమే, సీఎస్‌వీ చదవడమూ అందులోనే ఉంది. 2024లో వచ్చిన 0.12 వెర్షన్‌లో డబ్బు లెక్కలకు సరిపడే దశాంశ రకాన్ని కూడా చేర్చారు. ఏమీ నేర్చుకోకుండా కొత్తగా మొదలుపెట్టే యువకుడు నా దగ్గరికి వస్తే, లేటెక్, లువా రెండూ నేర్పే బదులు దీన్నే నేర్పుతానేమో. నా పాత నివేదికల మూసలన్నీ లేటెక్‌లో ఉన్నాయి కనుక నేను మారలేదు. అది నా సోమరితనమే గాని సాధనం లోపం కాదు.

ఏ పనికి ఏది

ఉత్తరంలో, కొటేషనులో ఐదారు వరుసల పట్టిక ఉండి, అవతలివారు కూడా దాన్ని దిద్దుతారంటే రైటర్ వాడండి. వర్డ్ తప్పనిసరైతే అచ్చుకు ముందు ఎఫ్9 నొక్కడాన్ని ప్రూఫు చూసే చీటీ మీద రాసిపెట్టుకోండి. మీరే కూర్చి, మీరే దిద్ది, ఏటా అదే రూపంలో అచ్చువేసే జమాఖర్చు అయితే స్ప్రెడ్‌టాబ్‌కు సాటి లేదు, ఎందుకంటే సూత్రం, అంకె, అచ్చు మూడూ ఒకే ఫైలులో కనిపిస్తాయి. అంకెలు ఇంకొకరి షీటులో పుట్టి, వరుసలు యాభై దాటి, రెండు భాషల్లో పత్రం కావాలంటే లువా వైపు వెళ్లండి. షీటు మురికిగా వస్తే దాని ముందు పైథాన్‌ను నిలబెట్టండి. పన్ను బిల్లు ఏ సాధనంతో చేసినా కుదింపు సూత్రంలోనే ఉండాలి.

ఏది ఎంచుకున్నా, మొదటి నిజమైన పనికి ముందు పోయిన ఏడాది అచ్చయిన ఒక పట్టికను కొత్త సాధనంలో కట్టి, ముగింపు నిల్వ పైసతో సహా సరిపోయిందో లేదో చూడాలి. ఆ నిల్వే ఈ ఏడాది ప్రారంభ నిల్వగా కూడా రావాలి. నేను ఇప్పటికీ ఆ షామియానా పట్టికనే పరీక్షకు వాడతాను. 8,500 చోట 5,800 పెట్టి, తెలుగు పట్టికలో, ఒడియా పట్టికలో, రెండో పేజీ వాక్యంలో, మూడుచోట్లా మొత్తం 2,700 తగ్గితేనే ఆ సాధనాన్ని ఖాతాదారు పనికి దించుతాను.